పెర్మెత్ బష్కియా: జనం తగ్గిన లోయలో భూమి పటం

సోమవారం: తిరానా నుంచి వ్యోసా లోయకు

అల్బేనియా 2023 జనగణనలో తేలిన జనాభా 24,02,113. కమ్యూనిస్టు పాలన చివరి దశలో, 1989లో జరిపిన లెక్కలో ఆ దేశంలో దాదాపు 31.8 లక్షల మంది ఉండేవారు. అంటే ఒక తరం గడిచేలోగా ప్రతి నలుగురిలో ఒకరు లెక్కలోంచి జారిపోయారన్నమాట. అయితే తిరానా వీధుల్లో తిరిగేవారికి ఈ సంగతి ఎంతమాత్రం తట్టదు. రాజధాని మునిసిపాలిటీ జనాభా ఒక్కటే ఆరు లక్షలకు చేరువైంది. స్కందెర్‌బేగ్ చౌకు చుట్టూ అంతస్తు మీద అంతస్తు లేస్తూనే ఉంది, ఎటు చూసినా క్రేన్లే కనబడుతున్నాయి. తగ్గుదల ఎక్కడ జరుగుతోందో చూడాలంటే దక్షిణాన, గ్రీసు సరిహద్దు దాకా వెళ్లాలని అనిపించి, అక్కడి పెర్మెత్ అనే గ్రామీణ మునిసిపాలిటీని (అక్కడి మాటలో బష్కియా) ఎంచుకున్నాను.

ప్రయాణం ఫుర్గోన్‌లో సాగింది. ఫుర్గోన్ అంటే మన షేర్ వ్యాను వంటిది. మనుషులతో పాటు మందుల పొట్లాలు, టైర్లు, ఎవరి అమ్మగారికో పంపిన కొత్త మైక్రోవేవ్ కూడా అందులోనే ఎక్కుతాయి. ఫియెర్ దాటాక మైదానం ముగిసి, తెపెలెన దగ్గర వ్యోసా నది పక్కకు వచ్చి చేరింది. కెల్త్సూర ఇరుకు లోయలో కొండలు రెండు వైపులా దగ్గరకు జరిగి, మళ్లీ విడిపోయాక పెర్మెత్ లోయ తెరుచుకుంటుంది. తూర్పు పక్క దంగెల్లియా కొండలు, పడమటి పక్క 2,400 మీటర్లు దాటిన నెమెర్చ్కా పర్వత గోడ. బండిలో ఉన్నవాళ్లలో సగం మంది అరవై దాటినవారే. దేశ సగటు వయసు 2011లో 35.3 ఏళ్లు, 2023 నాటికి 42.5 ఏళ్లు. పన్నెండేళ్లలో సగటు ఏడేళ్లు పెరిగిందంటే మనుషులు ఎక్కువ కాలం బతకడం ఒక్కటే కారణం కాదు; చిన్నవాళ్లు బండెక్కి ఎదురు దిశలో వెళ్లిపోయారని కూడా అర్థం.

మంగళవారం: బష్కియా కార్యాలయం

పెర్మెత్ అనే పట్టణం వేరు, పెర్మెత్ బష్కియా వేరు. 2014లో చేసిన 115వ చట్టం దేశంలోని 373 స్థానిక సంస్థలను 61 బష్కియాలుగా కలిపేసింది. 2015 జూన్ ఎన్నికల తర్వాత ఈ కొత్త హద్దులు అమల్లోకి వచ్చి, పట్టణానికి పేత్రాన్, పిస్కోవ, ఫ్రషెర్, చర్చోవ అనే నాలుగు పాత కొమునాలు (గ్రామీణ స్థానిక సంస్థలు) తోడయ్యాయి. మొత్తం విస్తీర్ణం సుమారు 602 చదరపు కిలోమీటర్లు. 2011లో ఇంత నేల మీద 10,614 మంది ఉన్నారు. 2023 లెక్కలో అది ఎనిమిది వేలకు అటూఇటూగా పడిపోయింది. చదరపు కిలోమీటరుకు పట్టుమని పదిహేను మంది కూడా లేరు. వారిలోనూ ఎక్కువ మంది పట్టణంలోనే ఉంటారు.

భూవినియోగ ప్రణాళిక చూసే విభాగంలో ఒక యువ అధికారిణి నాకు గోడ మీది పటం చూపించి ఓపికగా వివరించారు. 2014లోనే వచ్చిన 107వ చట్టం ప్రతి బష్కియాకు సాధారణ స్థానిక ప్రణాళిక ఉండాలని నిర్దేశించింది. దాని ముసాయిదాను బష్కియా సిద్ధం చేయాలి, బహిరంగ విచారణలు జరపాలి, మునిసిపల్ కౌన్సిల్ ఆమోదించాలి. ఆ పైన ప్రధానమంత్రి అధ్యక్షతన ఉండే జాతీయ భూభాగ మండలి చివరి ముద్ర వేయాలి. ప్రణాళికలో అంగుళం నేల కూడా ఖాళీగా మిగలకూడదు. పట్టణ, వ్యావసాయిక, ప్రాకృతిక, జల, మౌలిక వసతుల వ్యవస్థలు అని అయిదు వర్గాలు, అయిదు రంగులు. ప్రతి ముక్క వీటిలో ఏదో ఒకదాని కిందికి రావాలి.

అంతకుముందు పద్ధతి వేరుగా ఉండేది. కమ్యూనిస్టు కాలం నుంచి ప్రతి ఊరి చుట్టూ ‘పసుపు గీత’ అని ఒక హద్దు గీసేవారు. గీత లోపల ఇళ్లు, గీత బయట సాగు. ఎవరూ అనుమతి లేకుండా పల్లె వదిలి పట్నం చేరడానికి వీల్లేని రోజులవి కాబట్టి ఆ గీత చెల్లుబాటు అయింది. 1989లో కూడా దేశ జనాభాలో దాదాపు 64 శాతం పల్లెల్లోనే ఉండడానికి ఆ కట్టడే ముఖ్య కారణం. 1991 తర్వాత కట్టు తెగి, జనం ఒక్కసారిగా కదిలారు. కొందరు తిరానా, దుర్రెస్ అంచుల్లోని పొలాల్లో అనుమతులు లేని ఇళ్లు కట్టుకున్నారు, ఇంకొందరు గ్రీసుకు, ఇటలీకి వెళ్లిపోయారు. గీత బయట ఇళ్లు పుట్టిన చోట సమస్య అందరికీ కనబడింది. గీత లోపలే ఇళ్లు ఖాళీ అయిన పెర్మెత్ వంటి చోట్ల అది సమస్య అని గుర్తించడానికే చాలా కాలం పట్టింది.

ఆ అధికారిణి మాటల్లో నాకు ముఖ్యమనిపించింది రెండు లెక్కల గొడవ. జనగణన ఏడాదికి మించి విదేశంలో ఉన్నవారిని నివాసులుగా లెక్కించదు. పౌర రిజిస్టరు మాత్రం విదేశం వెళ్లారని ఎవరినీ తీసేయదు. దేశం మొత్తం మీద అందులో దాదాపు 45 లక్షల పేర్లు ఉన్నాయి. నివసించేవారు 24 లక్షలు, పేరున్నవారు 45 లక్షలు! నీటి గొట్టం ఎంత లావుండాలో, చెత్త బండి ఎన్నిసార్లు తిరగాలో మొదటి లెక్క చెబుతుంది. ఫలానా మెట్టచెక్కను వ్యావసాయికం నుంచి ప్రాకృతికంలోకి మార్చితే అభ్యంతరం చెప్పే హక్కు ఎవరికుందో రెండో లెక్క చెబుతుంది. ఆగస్టులో సెలవులకు కార్లు వచ్చి దిగినప్పుడు కావలసిన నీళ్లు ఈ రెండు లెక్కల్లో దేనితోనూ సరిపోలవు. కేంద్రం నుంచి వచ్చే షరతుల్లేని నిధుల సూత్రంలో జనసంఖ్యదే పెద్ద వాటా. పలచగా జనం ఉన్న చోట్లకు కొంత అదనంగా కలుపుతారు. అయినా 602 చదరపు కిలోమీటర్ల రోడ్లు మనుషులు తగ్గినంత మాత్రాన కురచబడవు కదా.

“బహిరంగ విచారణ నవంబరులో పెడితే పది మంది వస్తారు, వాళ్లకు భూమి ఉండదు. ఆగస్టులో పెడితే గది చాలదు, వాళ్లెవరూ ఇక్కడ ఉండరు” అన్నారామె. నవ్వుతూనే అన్నారు, కానీ కాగితం మీద ఏదో రాసుకుంటూ అన్నారు.

బుధవారం: బెన్య

పట్టణానికి పదిహేను కిలోమీటర్లలోపు దూరంలో లెంగరిత్స వాగు ఒడ్డున గోరువెచ్చని గంధకపు నీటి మడుగులు, వాటి పక్కనే ఆటమన్ కాలపు ఒంటి కమాను రాతి వంతెన ఉన్నాయి. ఇక్కడికి మాత్రం జనం వస్తున్నారు. అక్టోబరు వారపు రోజున కూడా మడుగుల్లో జర్మన్, చెక్, ఇటాలియన్ మాటలు వినబడ్డాయి. వంతెన దగ్గర బండ్లు నిలిపే చోటు, తాత్కాలిక కాఫీ బల్లలు, గుడారాలు చూస్తే ఒత్తిడి దేని మీద పడుతోందో అర్థమవుతుంది. అది వాగు ఒడ్డున ఉన్న కొద్దిపాటి చదును నేల మీదే. ఆ ముక్క ఏకకాలంలో జల వ్యవస్థ, వరద మార్గం, పర్యాటక ఆదాయం కూడా.

బెన్య ఊరు మడుగులకు పైన, కొండ మీద ఉంటుంది. రాతి పలకల కప్పులున్న ఇళ్లలో కొన్నింటిని బాగుచేసి అతిథి గృహాలుగా మార్చారు. 2018లో ప్రభుత్వం మొదలుపెట్టిన ‘వంద గ్రామాలు’ అనే సమగ్ర గ్రామీణాభివృద్ధి కార్యక్రమంలో ఈ ఊరికి చోటు దొరికింది. వ్యవసాయ పర్యాటకానికి విలువ ఆధారిత పన్నును ఆరు శాతానికి తగ్గించడం కూడా అదే కాలపు నిర్ణయం. నాకు భోజనం పెట్టిన ఇంటావిడ ముందుగా చిన్న పళ్లెంలో గ్లికో, ఒక గ్లాసు మంచినీళ్లు తెచ్చారు. లేత ఆకుపచ్చ అక్రోటు కాయలను చెక్కు తీసి, సున్నపు నీటిలో నానబెట్టి, లవంగాలతో చక్కెర పాకంలో ఉడికిస్తారు. కాయ పైకి నల్లగా నిగనిగలాడుతూ, లోపల మెత్తగా కాక కరకరలాడాలి, సున్నపు నీటి పని అదే. అక్రోటు చెట్లు ఎవరివని అడిగితే, సగం తమవని, సగం గ్రీసులో ఉన్న పక్కింటివారివని చెప్పారు. పక్కింటివారి చెట్లను ఈమె కాపాడుతున్నారు, కాయలు కోసుకుంటున్నారు. రాతపూర్వకమైన కౌలు ఒప్పందం మాత్రం ఏదీ లేదు. ఆమె గ్లికో సీసాలు అమ్ముకునే చిన్న గది కట్టుకోవాలంటే ఆ చెట్లున్న చెక్కే అనువైన స్థలం, కానీ యజమాని సంతకం ఏథెన్స్‌లో ఉంది.

పర్యాటకం పల్లెలను నిలబెడుతుందన్న మాట ఈ లోయలో ప్రతి నోటా వినబడింది. నాకు దాని మీద సగం నమ్మకమే కుదిరింది. అతిథి గృహాలు నిలబెట్టేది ఎక్కువగా యాభై దాటిన దంపతులను. వారి పిల్లలు జులై, ఆగస్టు నెలల్లో వచ్చి వడ్డించి వెళుతున్నారు.

గురువారం: ఫ్రషెర్

దూరం నలభై కిలోమీటర్లలోపే అయినా ప్రయాణానికి ఉదయమంతా పట్టింది. ఎత్తు పెరిగే కొద్దీ ఓక్ చెట్ల నడుమ దేవదారును పోలిన ఫిర్ చెట్లు మొదలవుతాయి; హోతోవ ఫిర్ అడవి, దంగెల్లియా కొండలు కలిసిన జాతీయ ఉద్యానం ఇది, 34 వేల హెక్టార్లకు పైనే. ఫ్రషెర్ ఒక సోదర త్రయం ఊరు. అల్బేనియా జాతీయోద్యమంలో రాజకీయం నడిపిన అబ్దుల్, కవిగా ఎదిగిన నయీమ్, నిఘంటుకారుడు సామీ ఇక్కడే పుట్టారు. నయీమ్ ముఖం 200 లెకుల నోటు మీద ఉంటుంది. పల్లె పాఠశాలకు పిల్లలు లేరు గాని, పల్లె మాత్రం దేశంలో అందరి జేబుల్లోనూ ఉంది. 2011 నాటికే పాత ఫ్రషెర్ కొమునా మొత్తంలో, అనేక ఊళ్లు కలిపి, నాలుగు వందల మంది కూడా లేరు.

గ్రామపెద్దను ఇక్కడ క్రియెప్లాక్ అంటారు. డెబ్బైకి దగ్గరపడిన ఆ పెద్దాయన నన్ను ఊరి అంచుకు తీసుకెళ్లి, మెట్లు మెట్లుగా చెక్కిన కొండవాలు చూపించారు. సహకార క్షేత్రాల కాలంలో ప్రతి మెట్టుకూ రాళ్లు పేర్చి మట్టి నింపి గోధుమ, మొక్కజొన్న పండించేవారట. ఇప్పుడు పై మెట్లలో తుప్పలు, నడుమ మెట్లలో అడవి రేగు, కింది రెండు మెట్లలో ఆయన వేసిన అల్ఫాల్ఫా పశుగ్రాసం. గట్టు రాళ్లు కూలిన చోట వాన నీళ్లు మట్టిని కోసి కింది మెట్టు మీదికి తోసేశాయి. ఒక మెట్టు వదిలేస్తే దాని కింది మెట్టు రైతు ఎంత కష్టపడినా నిలబెట్టుకోలేడని, మధ్యలో ఉన్న చెక్క యజమాని ఇటలీలో ఉన్నాడని ఆయన చెప్పారు.

ఆ చెక్కలు అలా ఎందుకున్నాయో తెలియాలంటే 1991 జులై 19 నాటి 7501వ చట్టం దగ్గరకు పోవాలి. సహకార క్షేత్రాల భూమిని అప్పటికి పల్లెలో ఉన్న కుటుంబాలకు తలకింతని పంచమని అది చెప్పింది. న్యాయం కోసం మంచి నేలలోనూ నాసి నేలలోనూ అందరికీ వాటా ఇవ్వడంతో ఒక్కో కుటుంబానికి నాలుగైదు చోట్ల ముక్కలొచ్చాయి. ఇక్కడ భూమిని దునుములలో కొలుస్తారు. దునుము వెయ్యి చదరపు మీటర్లు, మన లెక్కలో పాతిక సెంట్లకు కాస్త తక్కువ. కుటుంబ పెద్ద పేరిట ఇచ్చిన పత్రాన్ని జనం తాపీ అంటారు. పేరు ఒకరిదే అయినా, ఆ నాడు ఆ ఇంట్లో ఉన్నవారందరూ సహ యజమానులే. క్రియెప్లాక్ గారి తాపీని గాజు కింద భద్రపరిచారు. అందులో ఏడుగురి లెక్కన పదకొండు దునుములు. ఆ ఏడుగురిలో ఇద్దరు కాలం చేశారు, ముగ్గురు గ్రీసులో, ఒకరు తిరానాలో ఉన్నారు, ఇక్కడ మిగిలింది ఆయన ఒక్కరే. కౌలుకిచ్చినా, అమ్మినా, బ్యాంకులో పెట్టినా వారసులందరి సంతకాలూ పోగు చేయాలి.

ఇప్పుడు పటం రంగుల ప్రశ్న అసలు రూపంలో కనబడింది. పాతికేళ్లుగా ఎవరూ దున్నని, సగం అడవిగా మారిన ఈ మెట్లకు ఏ రంగు వేయాలి? వ్యావసాయికం అంటే 2016 నుంచి రెండో శ్రేణి సాగునీటి కాల్వలు, పొలం బాటలు చూడవలసిన బాధ్యత బష్కియాది. సాగే లేని చోట కాల్వ పూడిక తీయడానికి డబ్బు ఎవరిస్తారు? ప్రాకృతికం అని రాస్తే తాపీ ఉన్న ప్రతి ఇంటివారూ తమ ఆస్తి పోయిందని గగ్గోలు పెడతారు, రేపు పిల్లలు తిరిగొచ్చి గది వేసుకోవాలంటే తలుపు మూసుకుపోతుంది. అడవులు, పచ్చిక బయళ్లు కూడా 2016లోనే బష్కియాల చేతికి వచ్చాయి. అదే ఏడాది పరిశ్రమల కోసం, ఎగుమతి కోసం చెట్లు కొట్టడాన్ని పదేళ్లపాటు నిషేధించారు. చలికాలానికి వంట చెరకు మాత్రం బష్కియా లెక్క కట్టి ఇస్తుంది. తుప్ప పెరిగిన మెట్టు అడవి అయితే కట్టెలు కొట్టడానికి అనుమతి కావాలి, పొలం అయితే అక్కర్లేదు. కాబట్టి చాలామంది ముసలివారికి, దున్నకపోయినా, అది పొలంగా ఉండడమే లాభం.

నా అభిప్రాయంలో ఇటువంటి నేలకు ఆరో వర్గం లేకపోవడం ఈ చట్టపు బలహీనత. వదిలేసిన సాగుభూమి అనే స్థితిని ఒప్పుకుని, దాని హక్కులను అలాగే ఉంచి, మేకల కాపరికి, తేనెపట్టు రైతుకు, కొండ చాయ్ ఆకు పెంచేవారికి తాత్కాలిక వినియోగం ఇచ్చే వీలుంటే చాలా మెట్లు నిలిచేవి. 2025 జనవరిలో ప్రధాని ఎడీ రామా ‘కొండల ప్యాకేజీ’ అని ఒకటి ప్రకటించారు. కొండ ప్రాంతాల్లో పెట్టుబడి పెట్టేవారికి నామమాత్రపు ఒక్క యూరోకు భూమి హక్కు స్థిరపరచడం దాని సారం. క్రియెప్లాక్ గారికి ఆ వార్త తెలుసు. పెట్టుబడి పెట్టేవాడు ఏ మెట్టు ఎంచుకుంటాడని నేనడిగితే, రోడ్డు పక్కది అన్నారాయన, క్షణం ఆలోచించకుండా.

శుక్రవారం: కొసిన, పిస్కోవ

లోయ అడుగున పరిస్థితి వేరు. కొసినలో గుట్ట మీద ఇటుకలతో కట్టిన చిన్న బైజాంటిన్ చర్చి ఉంది. అక్కడి నుంచి చూస్తే వ్యోసాకు ఇరువైపులా ద్రాక్ష తోటలు, కూరగాయల మళ్లు, కొన్ని ప్లాస్టిక్ గ్రీన్‌హౌస్‌లు చతురస్రాలుగా కనబడతాయి. ఇక్కడ భూమికి గిరాకీ ఉంది కాబట్టి ముక్కల చిక్కు మాటల మీదే విడిపోతోంది. ఒకే రైతు ఆరు ఇళ్లవారి చెక్కలు కలిపి సాగు చేస్తున్నాడు. ఏడాదికి ఇన్ని లీటర్ల రాకీ (ద్రాక్ష సారా) అని కౌలు. అందులో కొంత సీసాల్లో గ్రీసు చేరుతుంది.

పిస్కోవలో ఒక పెరట్లో రాకీ కాచడం చూశాను. పులిసిన ద్రాక్ష తొక్కును రాగి డేగిసాలో నింపి, మూత అంచు చుట్టూ పిండి ముద్ద మెత్తి ఆవిరి బయటికి పోకుండా మూస్తారు. గొట్టం చల్లని నీళ్ల తొట్టిలోంచి వెళ్లి బయటికి వచ్చే చోట చుక్క చుక్క పడుతుంది. మొదట పడ్డదాన్ని పక్కన పారబోసి, తర్వాతది గాజు గ్లాసులో పట్టి ఊపి, బుడగలు ఎంతసేపు నిలుస్తాయో చూసి ఘాటు చెబుతారు. ఈ పనికి నలుగురు మనుషులు కావాలి. పెరటి యజమాని, ఆయన భార్య, ఒక పొరుగు ఆయన, నాలుగో మనిషిగా గ్రీసులోని యానినా నుంచి సెలవు పెట్టి వచ్చిన మేనల్లుడు. కాపు కాలపు సెలవు అతనికి ఏటా మామూలేనట.

నది ఒడ్డు నేల గురించి మాత్రం ఎవరూ తేలిగ్గా మాట్లాడలేదు. 2023 మార్చి 15న వ్యోసాను, స్వేచ్ఛగా ప్రవహించే నదికి ఐరోపాలో మొట్టమొదటి జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. నదిలో ఆనకట్టల భయం తొలగినందుకు రైతులకు సంతోషమే. ఇసుక, గులకరాయి తవ్వకం ఆగినందుకు ఎక్కువ సంతోషం. అయితే నది మారినప్పుడల్లా కొట్టుకుపోయే ఒడ్డు చెక్కలు తాపీలో ఉన్నాయి, నేల మీద లేవు. ఉద్యానపు హద్దు వాటి మీదుగా పోయింది. ఇటువంటి చోట్ల సర్వే పటం, ఉద్యానపు పటం, బష్కియా పటం మూడూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే గీతలు కలవవనడానికి ఇక్కడ సాక్ష్యం దొరికింది.

శనివారం: చర్చోవ

వ్యోసా గ్రీసు నుంచి అల్బేనియాలోకి ప్రవేశించే ప్రాంతం ఇది. మూడు వంతెనలు అనే పేరున్న సరిహద్దు దారి ఇక్కడే. అవతల దగ్గరి పట్టణం కోనిత్స. చాలామంది సోమవారం వెళ్లి శుక్రవారం తిరిగొస్తారు. వీరు జనగణన దృష్టిలో నివాసులే. కాని పన్ను, బీమా, పిల్లల చదువు అవతలి పక్కనే. బడిలో వేర్వేరు తరగతుల పిల్లలను ఒకే గదిలో, ఒకే ఉపాధ్యాయురాలు చదివిస్తున్నారు. సమిష్టి తరగతి అనే ఈ ఏర్పాటు లేకపోతే బడి మూసివేయవలసిందే.

బస్సు కోసం ఆగిన చోట ఒక మేస్త్రీ పరిచయమయ్యాడు. నలభై అయిదేళ్లుంటాయి, పద్దెనిమిదో ఏట కొండదారిన నడిచి గ్రీసు చేరిన తరం. తండ్రి తాపీలోని తొమ్మిది దునుముల్లో ఒకటి రోడ్డుకు ఆనుకుని ఉంది; అక్కడ రెండు గదులు, కింద కారు నిలిపే చోటు కట్టాలని అతని కోరిక. ప్రణాళికలో ఆ చెక్క వ్యావసాయిక వ్యవస్థలో పడింది. కట్టడానికి అనుమతి ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే అడగాలి, వ్యవసాయ అవసరానికని చూపించాలి, అన్నదమ్ముల సంతకాలు కావాలి. ఒక అన్న జర్మనీలో ఉన్నాడు, ఆయనకు సంతకం చేయడానికి అభ్యంతరం లేదు గాని తిరిగి వస్తాననే ఆలోచన కూడా లేదు. పొలం పనిముట్ల కొట్టం అని రాస్తే దొరకవచ్చని ఎవరో సలహా ఇచ్చారట. అబద్ధం రాయడం తనకు ఇష్టం లేదని, బష్కియాలో విచారణ పెట్టిన రోజు వచ్చి ఆ ఒక్క దునుము రంగు మార్చమని అడుగుతానని చెప్పాడు. ఎప్పుడు పెడతారో తెలుసా అని నన్నే అడిగాడు. నవంబరా, ఆగస్టా అన్నది ఇంకా తేలలేదని చెప్పాను. నవంబరైతే కోనిత్సలో స్లాబు పని ఉంటుంది, ఆగస్టు పెట్టమని చెప్పండి అన్నాడు.